కంసాలి మాటు, కమ్మరి పట్టు

(చిత్తూరులో ఎలక్ట్రీషియన్లు, ఐటీఐ విద్యార్థుల కోసం జరిగిన ఒక సమావేశంలో మోటారు వైండింగ్ మేస్త్రి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వద్దన్నాను, మీరు వినలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వైండింగ్ షాపులో గ్రైండరు మోత మీద అరిచి అరిచి నా గొంతే మైకు అయిపోయింది. వెనక కూర్చున్నవాళ్లకు ఎక్కువైతే చెయ్యెత్తండి, తగ్గిస్తాను.

ముందు ఒక పని చేస్తాను. ఇదిగో ఈ బకెట్ నిండా నీళ్లున్నాయి. ఇవి రెండు కేబుల్ ముక్కలు, బోర్లోకి దింపే ఫ్లాట్ కేబులే. రెండింటికీ మధ్యలో జాయింటు వేసి ఉంది. ఒకదానికి పసుపు దారం కట్టాను, ఇంకోదానికి ఎర్ర దారం. జాయింట్లు మునిగేటట్టు వేసి, కొసలు బయట పెడుతున్నాను. నేను మాట్లాడినంత సేపూ ఇవి నానుతూ ఉంటాయి. సంగతేమిటో చివర్లో చూద్దాం. ఎవరూ కాలితో తన్నకండి, ఇంటి నుంచి తెచ్చిన బకెట్ అది. (నవ్వులు)

ఈరోజు నన్ను మాట్లాడమన్నది జాయింట్ల గురించి. వైరుకు వైరు కలపాలన్నా, వైరును టెర్మినల్‌కు కలపాలన్నా సోల్డరింగ్ మేలా, క్రింపింగ్ మేలా అని. మన షాపుల భాషలో చెప్పాలంటే లెడ్ పెట్టడమా, లగ్గు నొక్కడమా. లెడ్ అంటే కరిగించి జాయింటు అతికే లోహం, లగ్గు అంటే వైరు కొసకు తొడిగి టూలుతో నొక్కే లోహపు గొట్టం. నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తాను. మొదటి పన్నెండేళ్లు నేను లెడ్ పక్షం. గట్టిగా వాదించేవాణ్ణి కూడా. లగ్గు నొక్కేవాళ్లను చూస్తే పని చేతకాక అడ్డదారి తొక్కుతున్నారనుకునేవాణ్ణి. ఆ నమ్మకం ఎలా పోయిందో చెబుతాను, కానీ అంతకు ముందు జాయింటు అంటే ఏమిటో కాస్త మాట్లాడుకోవాలి.

రెండు రాగి తీగలు పక్కపక్కన పెట్టి మెలితిప్పాం. కంటికి అవి అంటుకునే ఉన్నట్టు కనిపిస్తాయి. భూతద్దంలో చూస్తే రాగి నున్నగా ఉండదు, అంతా మిట్టపల్లాలే. మిట్టకు మిట్ట తగిలిన చోట్ల మాత్రమే కరెంటు దాటుతుంది. పైగా రాగి మీద గాలికి ఒక పొర పడుతుంది. పాత ఇత్తడి బిందె నల్లబడినట్టే ఇదీను. ఆ పొరలోంచి కరెంటు సరిగా పోదు. ఏ జాయింటు చేసినా మనం చేయాల్సింది రెండే. ఆ పొరను తీసేయాలి, లోహానికి లోహం ఎక్కువ జాగాలో తగిలేటట్టు చేసి మళ్లీ గాలి, తడి చొరబడకుండా మూసేయాలి. లెడ్ ఒక దారిలో చేస్తుంది, లగ్గు ఇంకో దారిలో చేస్తుంది.

చెయ్యకపోతే ఏమవుతుంది? చిన్న లెక్క వేద్దాం. ఏడున్నర హెచ్‌పీ మోటారు నిండు లోడు మీద సుమారు 11 ఆంపియర్లు లాగుతుంది. జాయింటు దగ్గర 0.2 ఓములు ఎక్కువ రెసిస్టెన్సు ఉందనుకోండి. ఇంత చిన్న విలువను మామూలు మల్టీమీటరు నమ్మకంగా చూపించను కూడా చూపించదు, బీప్ కొట్టి బాగుందంటుంది. పదకొండు ఇంటూ పదకొండు నూట ఇరవై ఒకటి, దాన్ని 0.2తో గుణిస్తే 24 వాట్లు. మీ బెంచీ మీద ఉండే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఎంత? 25 వాట్లు. అంటే మీరు స్టార్టరు డబ్బాలో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి, స్విచ్ వేసి, మూత వేసి ఇంటికెళ్లిపోయారన్నమాట. రైతుకు కరెంటు ఉన్న తొమ్మిది గంటలూ అది కాలుతూనే ఉంటుంది. స్టార్టింగులో కరెంటు ఆరు రెట్లు ఉంటే వేడి ముప్పై ఆరు రెట్లు. కొన్ని సెకన్లే అయినా ఆ దెబ్బ ఆ మూల మీదే పడుతుంది. వేడికి పొర ఇంకా మందమవుతుంది, రెసిస్టెన్సు పెరుగుతుంది, మళ్లీ వేడి పెరుగుతుంది. అప్పుకు వడ్డీ, వడ్డీకి చక్రవడ్డీ.

ఇక లెడ్ విషయం. మనకిది కొత్త విద్య కాదు. కంసాలి మాటు వేయడమంటే ఇదే కదా. నగ బంగారం కరగకూడదు, మాటు కరగాలి. అందుకే తక్కువ వేడికి కరిగే లోహాన్ని మధ్యలో పెడతాడు. మన లెడ్ పేరుకే సీసం, నిజానికి అందులో ఎక్కువ భాగం తగరం. అరవై నలభై అని రాసి ఉంటుంది చూడండి, అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. అరవై మూడు, ముప్పై ఏడు పాళ్లలో కలిపితే సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. కొత్తగా వస్తున్న సీసం లేని రకం 217 దాటితే గాని కరగదు, అందుకే కొందరికి ఆ ఐరన్ చాలడం లేదని విసుగు.

మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. మీలో ఎంతమంది చూశారో తెలియదు. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద తిప్పి, నవసాగరం చల్లేవాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచేది. ఆ వెంటనే తగరం ముక్క రుద్ది గుడ్డతో తుడిస్తే గిన్నె లోపల వెండిలా మెరిసేది. ఆ నవసాగరం చేసే పనే మన దగ్గర ఫ్లక్సు చేస్తుంది. లోహం మీది పొరను కడుగుతుంది, అప్పుడు తగరం పారుతుంది. ఫ్లక్సు లేకుండా లెడ్ పెడితే తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడుతుంది గాని అంటుకోదు. వైర్లకు రోజన్ ఫ్లక్సే వాడండి. రేకు పనివాళ్లు వాడే యాసిడ్ వైరు మీద పెడితే పోగుల సందుల్లో మిగిలిపోయి లోపల్నుంచే తినేస్తుంది.

మా గురువు గారు పాత కేబుళ్ల మీద పని చేసిన మనిషి. కాగితం ఇన్సులేషను, పైన సీసం తొడుగు ఉండే కేబుళ్లు అవి. గుంత తవ్వి, అందులో కూర్చుని, బ్లో ల్యాంపు మీద కడాయిలో లెడ్ కాచేవారట. గరిటెతో జాయింటు మీద పోస్తూ, కింద ఇంకో గరిటెతో పట్టుకుంటూ, పోసిందే పోసి, పట్టిందే పట్టి, లోపలంతా నిండేదాకా అలా చేయాలి. వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి తెల్లకాగితం ముక్క ముంచేవారు. గోధుమ రంగుకు మాడాలి, మంట అంటుకోకూడదు. అది చేతి విద్య. ఆయన చేసిన జాయింట్లు ఆయన రిటైరయ్యాక కూడా భూమిలో పని చేస్తూనే ఉన్నాయి. కాబట్టి లెడ్ పనికిరాదని నేను అనను. అంటే ఆయన పైనుంచి నా నెత్తి మీద ఒకటి వేస్తారు.

ఇప్పుడు నా కథ. 1996 వేసవి. బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె, చెరకు తోట. ఏడున్నర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు మా షాపుకే రీవైండింగ్‌కు వచ్చింది. స్టార్‌లో, అంటే మూడు ఫేజుల కాయిల్స్ కొసలు ఒకచోట కలిపి కట్టాం, డైరెక్ట్ స్టార్టరు. నేనే స్వయంగా వెళ్లి బిగించాను. అప్పట్లో నాకొక ముచ్చట ఉండేది. మెత్తటి పోగుల వైరు టెర్మినల్లో పెట్టేటప్పుడు పోగులు విడిపోకుండా, కొసలకు చక్కగా లెడ్ పట్టించేవాణ్ణి. వెండి కడ్డీల్లా మెరిసేవి. టెర్మినల్లో దోపి, స్క్రూ బిగిస్తే ఒక్క పోగు బయటికి కనిపించేది కాదు. ఆ రైతు చూసి, ‘ఏమప్పా, నగ చేసినట్టు చేసినావే’ అన్నాడు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

మూడు నెలలు తిరక్కుండానే మోటారు ఎద్దుల బండి మీద వెనక్కి వచ్చింది. రైతు ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. మూత విప్పి చూశాను. మీలో వైండింగ్ చేసేవాళ్లకు తెలుస్తుంది, కాలిన కాయిల్స్ మాట్లాడతాయి. అన్నీ సమానంగా మాడితే ఓవర్‌లోడు. ఒకే చోట గుంత పడితే షార్టు. ఇందులో రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గయిపోయాయి, మూడో ఫేజు కాయిల్స్ మాత్రం నేను వార్నిష్ పోసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తున్నాయి. స్టార్ కనెక్షన్‌లో ఒక ఫేజు పోయి, మిగతా రెండింటి మీద మోటారు తిరిగితే ఇలాగే కాలుతుంది. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపాల్సిన రిలే ఎందుకు పడలేదంటారా? ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని చివరి గీత దాకా తిప్పేశారు. తిప్పమని సలహా ఇచ్చింది ఎవరో అడక్కండి. (నవ్వులు) సరే, నేనే.

ఫేజు ఎక్కడ పోయింది? సాయంత్రం బండి వేసుకుని ఆ తోటకు వెళ్లాను. ఫ్యూజులు బాగున్నాయి. స్టార్టరు మూత తీస్తే మాడిన బేకలైటు వాసన. మధ్య టెర్మినల్ నల్లగా ఉంది. స్క్రూ పట్టుకుంటే వేలితో తిరిగింది. నేను రెంచీ పెట్టినంత పని చేసి బిగించిన స్క్రూ అది! పక్కన రెండు టెర్మినల్స్ చూశాను. కాలలేదు, కానీ అవీ వదులే. స్క్రూడ్రైవరు పెడితే ఒకటి ముప్పావు చుట్టు, ఒకటి దాదాపు ఒక చుట్టు బిగిసింది. ఎవరూ ముట్టుకోని డబ్బాలో మూడు స్క్రూలు వాటంతట అవే వదులయ్యాయా?

స్క్రూ కదల్లేదు, లెడ్ కదిలింది. వైరు కొసను బయటికి లాగి చూస్తే స్క్రూ తగిలిన చోట లెడ్ పల్చగా నొక్కుకుపోయి, రెండు పక్కలకూ అంచులు కట్టి ఉంది. సీసం, తగరం మెత్తని లోహాలు. ఎప్పుడూ ఒకే ఒత్తిడి కింద ఉంచితే నెమ్మదిగా పక్కలకు జారిపోతాయి. కరగనక్కర్లేదు, చల్లగా ఉన్నా జారతాయి, వేడెక్కితే మరీ త్వరగా. మే నెలలో తారురోడ్డు మీద లోడు లారీ రాత్రంతా నిలబెడితే పొద్దున టైర్ల కింద పల్లాలు పడి ఉంటాయి చూడండి, అదే సంగతి. నేను బిగించిన రోజు గట్టిగానే ఉంది. రోజులు గడిచేకొద్దీ లెడ్ తప్పుకుంది, ఒత్తిడి తగ్గింది, రెసిస్టెన్సు పెరిగింది. ఇందాకటి చక్రవడ్డీ మొదలైంది.

తర్వాత తెలిసింది, గృహోపకరణాల అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉందట, స్క్రూ ఒత్తిడి పడే చోట పోగుల వైరు కొసలకు లెడ్ పట్టించకూడదని. నాకు ఆ పాఠం ఒక రీవైండింగ్ ఖర్చుతో వచ్చింది. ఆ మోటారు డబ్బులు తీసుకోకుండానే మళ్లీ కట్టిచ్చాను.

ఇప్పటికీ చాలామంది ఇలాగే చేస్తున్నారు. మంచి పని చేస్తున్నామనే అనుకుంటున్నారు. బద్ధకస్తుడు చేసే తప్పు కాదిది, శ్రద్ధగా చేసేవాడే చేసే తప్పు. అందుకే ఇంత సేపు చెప్పాను.

ఇక లగ్గు. దీనికి నాకు కంసాలి కంటే కమ్మరి గుర్తొస్తాడు. ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూశారా? పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తాడు, అది సాగుతుంది. నలుగురు పటకార్లతో పట్టుకుని చక్రానికి తొడిగి గబగబా నీళ్లు పోస్తారు. చల్లబడి బిగుసుకుంటుంది. ఆకులన్నీ కుండలోకి కిర్రుమని దిగుతాయి. జిగురు లేదు, మాటు లేదు. ఆ పట్టును పట్టి ఉంచేది లోపల దాచుకున్న బిగువు ఒక్కటే. లగ్గులో జరిగేదీ ఇంచుమించు అదే, వేడి బదులు బలం వాడతాం.

ఇదిగో, ఈ రెండు ముక్కలు ముందు వరుస నుంచి వెనక్కి అందించండి. నేను రెండు లగ్గులు నొక్కి, హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, ఎమరీ పేపరుతో రుద్ది తెచ్చాను. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూడండి. మొదటిది సరైన డై, అంటే లగ్గు సైజుకు తగిన అచ్చు వేసి నొక్కింది. గుండ్రటి పోగులు లోపల గుండ్రంగా లేవు చూశారా? ఒకదాన్నొకటి తోసుకుని ఆరు మూలల గళ్లయ్యాయి, తేనెపట్టు లాగా. పోగుకూ పోగుకూ మధ్య సందు కనపడదు. నొక్కేటప్పుడు లోహం పారుతుంది. పారేటప్పుడు పైనున్న పొర చిట్లి, లోపలి కొత్త లోహం కొత్త లోహానికి తగులుతుంది. కొన్ని చోట్ల రెండూ ఒకటైపోతాయి కూడా, చల్లటి వెల్డింగు అన్నమాట. గాలికి చోటే లేదు, కాబట్టి మళ్లీ పొర పట్టదు.

రెండోది కటింగ్ ప్లేయరుతో నొక్కింది. దాంట్లో నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? అవి ఖాళీలు. ఒక పక్క పోగులు చితికిపోయాయి, ఇంకో పక్క వదులుగా ఉన్నాయి. బయట్నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ఈ లగ్గుల విద్య యుద్ధం రోజుల్లో పెరిగింది. అమెరికాలో విటేకర్ అనే ఇంజనీరు 1941లో ఏఎంపీ అనే కంపెనీ పెట్టి, విమానాలకు, ఓడలకు లెడ్ లేని టెర్మినల్స్ చేశాడు. విమానంలో వేల జాయింట్లు ఉంటాయి. ఒక్కో దాని దగ్గర ఐరన్ పట్టుకుని కూర్చుంటే యుద్ధం అయిపోతుంది. మా గురువు లాంటి చేయి ప్రతివాడికీ ఉండదు. టూలు సరిగ్గా ఉంటే నిన్న చేరిన కుర్రాడు నొక్కినా, నేను నొక్కినా ఒకటే జాయింటు రావాలి, ఆ పద్ధతి ఉద్దేశం అది. చేతి విద్యను తీసుకెళ్లి టూల్లో పెట్టేశారు. నాలాంటి వాళ్లకు అది కొంచెం కష్టంగానే ఉంటుంది, కానీ నిజం.

విమానమంటే అదురు కదా. మనకు విమానం ఎందుకు, తిరుమల ఘాట్ రోడ్డు చాలు. మలుపు మలుపుకీ బ్రేకు, గేరు, ఇంజను అదురు. మన పల్లె రోడ్ల మీద ట్రాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోగుల వైరుకు లెడ్ పెడితే అది పెట్టిన చోట ఆగదు, వత్తిలో నూనె ఎక్కినట్టు పోగుల మధ్య పైకి ఎక్కుతుంది. ఎక్కినంత మేర వైరు కడ్డీ అయిపోతుంది. కడ్డీ ఆగి మెత్తటి వైరు మొదలయ్యే చోట, ఆ ఒక్క గీత మీదే వంపంతా పడుతుంది. ఇంటికెళ్లి మీరే చేసి చూడండి. ఒక పోగుల వైరుకు సగం దాకా లెడ్ పట్టించి, అటూ ఇటూ వంచుతూ ఉండండి. ఎక్కడ తెగుతుందో చూడండి, లెడ్ అంచు దగ్గరే తెగుతుంది. ఆటోల్లో హారన్ పనిచేయట్లేదని విప్పితే, లెడ్ జాయింటు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని పక్కన పావు అంగుళం దూరంలో వైరు తెగి ఉంటుంది. అందుకే బండ్ల వైరింగంతా ఫ్యాక్టరీలోనే నొక్కి పంపిస్తారు. ఇప్పుడు కొండ మీదికి వెళ్లే ఎలక్ట్రిక్ బస్సుల్లాంటి వాటిలో లావుపాటి బ్యాటరీ కేబుళ్లకైతే నొక్కిన లగ్గులే.

ఇంకో మాట, వేడి గురించి. పీవీసీ కేబులు లోపలి రాగి మామూలుగా 70 డిగ్రీల దాకా ఉండొచ్చు, షార్టు సర్క్యూట్ అయిన ఆ క్షణంలో 160 దాకా పోవచ్చు. ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ కేబులైతే 90, షార్టులో 250. కానీ ఆ ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్లో మీరొక లెడ్ జాయింటు పెడితే లెక్క మళ్లీ 160కి పడిపోతుంది, ఎందుకంటే లెడ్ 183 దగ్గర నీళ్లయిపోతుంది. ఖరీదైన కేబుల్ కొని దాన్ని తక్కువ రకం చేసినట్టు.

(సభలోంచి ప్రశ్న: అన్నా, లెడ్‌లో కరెంటు కూడా సరిగా పారదంటారు, నిజమేనా?)

రాగితో పోలిస్తే సుమారు తొమ్మిదో వంతే పారుతుంది. నిజమే. కానీ తీగలు గట్టిగా చుట్టి ఉంటే మధ్యలో ఉండే లెడ్ కాగితమంత మందం కూడా ఉండదు, దానివల్ల పెద్ద నష్టం లేదు. ఆ కారణంతో లెడ్‌ను తిట్టకండి. ఇందాక చెప్పిన కారణాలు చాలు.

ఇప్పుడు లగ్గు పక్షం వాళ్లు చప్పట్లు కొట్టే ముందు వాళ్ల బండారం కూడా బయటపెట్టాలి. నేను పక్షం మారాక లగ్గులు, ఫెర్రూళ్లు (వైరుకు తొడిగి నొక్కే చిన్న గొట్టాలు) డబ్బాలు డబ్బాలు తెచ్చి షాపులో పెట్టాను. టూలు మాత్రం కొనలేదు. దానికెందుకు డబ్బు దండగ, ప్లేయరు ఉంది, సుత్తి ఉంది, ఉలి ఉంది అనుకున్నాను. ఆ ఏడాది నా దగ్గరికి తిరిగొచ్చిన ఫిర్యాదులు అంతకు ముందు ఐదేళ్లలో రాలేదు. ఒకచోట లగ్గు ప్యానెల్‌కు బిగించే ఉంది, కేబుల్ మాత్రం దాంట్లోంచి పురుగు బయటికొచ్చినట్టు వచ్చేసి వేలాడుతోంది. సరిగ్గా పెట్టిన లెడ్ జాయింటు కంటే ప్లేయరుతో నొక్కిన లగ్గు నూరు రెట్లు అన్యాయం. ఇది మాత్రం రాసుకోండి.

ర్యాచెట్ ఉన్న టూలు కొనండి. పూర్తిగా నొక్కేదాకా అది నోరు తెరవదు, మధ్యలో చాలనుకుని వదిలేయడానికి వీల్లేదు. పది స్క్వేర్ ఎంఎం దాటిన లగ్గులకు డైలు మార్చే టూలు, ఇంకా లావైతే హైడ్రాలిక్. లగ్గు మీద సైజు గుద్ది ఉంటుంది, డై మీదా ఉంటుంది, రెండూ ఒకటే కావాలి. ఇన్సులేషన్ ఉన్న చిన్న లగ్గులకు రంగులున్నాయి. ఎరుపు అర నుంచి ఒకటిన్నర స్క్వేర్‌కు, నీలం ఒకటిన్నర నుంచి రెండున్నరకు, పసుపు నాలుగు నుంచి ఆరుకు. నాలుగు స్క్వేర్ వైరు నీలం లగ్గులో పట్టడం లేదని నాలుగు పోగులు కత్తిరించి దోపేవాళ్లున్నారు. చెప్పులో కాలు పట్టలేదని వేలు కోసుకుంటామా? పెద్ద లగ్గులో చిన్న వైరు పెట్టి, సందులో తీగ ముక్కలు కూరేవాళ్లు ఇంకో రకం. ఇక వైరు పైతోలు సరిగా తీయకుండా, ప్లాస్టిక్కుతో సహా నొక్కేసే మహానుభావులూ ఉన్నారు. నొక్కాక ఒకసారి గట్టిగా లాగి చూడండి. మొహమాటం వద్దు, ఇప్పుడు ఊడితేనే మంచిది.

అల్యూమినియం గురించి రెండు మాటలు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు చాలా చోట్ల అల్యూమినియమే. దాని మీద పొర పట్టడానికి క్షణం చాలు, ఆ పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. మామూలు ఫ్లక్సుకు అది లొంగదు. కాబట్టి అక్కడ లెడ్ గొడవే లేదు, నొక్కాల్సిందే. బ్రష్షుతో రుద్ది, జాయింటింగ్ కాంపౌండ్ పూసి, అల్యూమినియం లగ్గులో నొక్కాలి. రాగి వైరును, అల్యూమినియం వైరును కలిపి మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం చేయకండి. వాన తడి తగిలిందంటే అక్కడొక చిన్న బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం తెల్ల పొడైపోతుంది. రెండూ కలపక తప్పకపోతే బైమెటాలిక్ లగ్గులు దొరుకుతాయి, ఒక కొస అల్యూమినియం, ఇంకో కొస రాగి.

మరి నేనిప్పుడు లెడ్ వాడనా? రోజూ వాడతాను. స్టార్టర్లలో ఎలక్ట్రానిక్ కార్డులు బాగు చేసేటప్పుడు లెడ్ తప్ప దారి లేదు. సర్క్యూట్ బోర్డంటేనే లెడ్. ఫ్యాను కాయిలు కొసలు కలపాలన్నా ఎనామెల్ గీకి, చుట్టి, లెడ్ పెట్టి, స్లీవు తొడిగి, వార్నిష్ పోస్తాను. అక్కడ కదలిక ఉండదు, స్క్రూ ఒత్తిడి ఉండదు. ముందు గట్టిగా చుట్టాలి, ఆ చుట్టు దానంతట అదే నిలబడాలి, ఆ తర్వాతే లెడ్. పాత టెలిగ్రాఫ్ లైన్‌మన్‌లు తీగలు కలిపే పద్ధతి కూడా అదే, చుట్లే బలం పట్టేవి. పెద్ద మోటార్లలో లెడ్ చాలదు, అక్కడ బ్రేజింగే, అంటే లెడ్ కంటే చాలా ఎక్కువ వేడికి కరిగే లోహంతో అతకడమే చేస్తాం. కొన్ని చవక మిక్సీల్లో, ఫ్యాన్లలో వైండింగే అల్యూమినియంతో వస్తోంది. దానికి లెడ్ పెడదామని కుస్తీ పట్టి ఒక పూట పోగొట్టుకున్నాక గాని నాకు తెలియలేదు.

లెడ్ పని అయ్యాక చేతులు కడుక్కుని తినండి. పొగ మొహానికి కొట్టేటట్టు కూర్చోకండి. ఆ పొగ సీసానిది కాదు, రోజన్‌ది, కానీ ఊపిరితిత్తులకు మంచిది కాదు. నా దగ్గులో దాని వాటా కొంత ఉందని మా ఇంట్లో అంటారు.

(ఒక విద్యార్థిని: సార్, లగ్గు నొక్కి, పైన కాస్త లెడ్ కూడా పోస్తే రెండు లాభాలూ వస్తాయి కదా?)

మంచి ప్రశ్న అమ్మా, నేనూ చేశాను ఆ పని. సరిగ్గా నొక్కిన లగ్గులో సందే లేదు కదా, లెడ్ ఎక్కడికి పోతుంది? లోపలికి పోకుండా వెనక పోగుల్లోకి ఎక్కి అక్కడ కడ్డీ చేస్తుంది. పైగా ఐరన్ వేడికి లగ్గులో దాచుకున్న బిగువు సడలుతుంది, పక్కనున్న ఇన్సులేషన్ ముడుచుకుపోతుంది. ఒకవేళ లెడ్ లోపలికి బాగా పోయిందంటే, ఆ లగ్గు సరిగా నొక్కలేదని అర్థం.

(మరో విద్యార్థి: శ్రీహరికోటలో రాకెట్లకు అంతా సోల్డరింగే అంటారు కదా సార్?)

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది, వాళ్లనే అడిగితే ఇంకా బాగా చెబుతారు. (నవ్వులు) రాకెట్లయినా, ఉపగ్రహాలయినా బోర్డు మీద లెడ్, కేబుల్ కనెక్టరు పిన్నులకు ఎక్కువగా క్రింపింగు. అమెరికా నాసా వాళ్లకు సోల్డరింగుకు ఒక ప్రమాణం ఉంటే, క్రింపింగుకు, కేబుళ్లకు కలిపి 8739.4 అని ఇంకో ప్రమాణం ఉంది. నొక్కిన పిన్నును లాగి ఎన్ని కిలోల దగ్గర ఊడుతుందో కొలుస్తారు. మనం చేత్తో లాగి చూస్తాం, వాళ్లు మిషన్‌తో లాగి చూస్తారు.

సరే, టీ వచ్చినట్టుంది, బకెట్ దగ్గరికి వద్దాం. మన జిల్లాలో బోర్లు ఎంత లోతో మీకు నేను చెప్పాలా? వెయ్యడుగులు అంటే ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. ఇరవై అడుగుల పైపులు యాభై దింపాలి. జాయింటు పోతే మళ్లీ యాభై ఎత్తాలి. అందుకే ఆ కేబుల్ జాయింటు దగ్గర మాత్రం తొందరపడకండి. మూడు కోర్లనూ ఒకే చోట కలపకండి, మెట్లు మెట్లుగా ఎక్కుదిగుడు పెట్టండి, లేదంటే మూడూ ఒకచోట లావై కేసింగుకు రాసుకుంటాయి. రాగి ఫెర్రూలు వేసి రెండు పక్కలా నొక్కండి. కేబుల్ మీద మోటారు బరువు పడకూడదు, పైపుకు కట్టుకుంటూ దింపండి.

ఇక నీళ్లు లోపలికి పోకుండా చూడ్డం వేరే పని, దానికి లెడ్డూ బాధ్యత కాదు, లగ్గూ బాధ్యత కాదు. ఈ రెండు ముక్కల్లోనూ ఫెర్రూళ్లు ఒకటే, నొక్కింది నేనే, ఒకే టూలుతో. ఒకదానికి మామూలు పీవీసీ టేపు నాలుగు చుట్లు చుట్టాను. ఇంకోదానికి ముందు తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సగం వెడల్పుకు సాగేదాకా లాగి చుట్టి, ఆ పైన పీవీసీ టేపు వేశాను. ఏది ఏ దారమో చెప్పను. షాపులో అయితే ఒక రాత్రంతా డ్రమ్ములో నానబెడతాను, ఇక్కడ గంటే నానింది.

బాబూ, నువ్వు రా, ఆ మెగ్గర్ తీసుకో. ఇన్సులేషన్‌లోంచి కరెంటు కారుతోందో లేదో చూపే మీటరు ఇది, ముల్లు కిందికి దిగితే కారుతున్నట్టు. ఐదొందల వోల్టులది, తిప్పేటప్పుడు కొసలు ముట్టుకోకు. ఒక లీడు నీళ్లలో వేసిన ఈ ఇనుప పట్టీకి తగిలించు. ఇంకోటి ఎర్ర దారం కేబుల్ రాగికి. తిప్పు, ఒకే వేగంతో తిప్పు. ముల్లు ఎక్కడుంది? ఇన్ఫినిటీ దగ్గర, కదల్లేదు. సరే, ఆపు. ఇప్పుడు పసుపు దారానికి మార్చు. తిప్పు. చూశారా, లేచి మళ్లీ కిందికి వస్తోంది. ఇంకో నిమిషం తిప్పు బాబూ, ఎక్కడ ఆగుతుందో వెనకవాళ్లకు కూడా వినపడేటట్టు చదువు.